మగచేపలే ఎందుకంటే

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఓ హోటల్ హాల్లో మా పరిశోధన గైడు గారికి సన్మానం జరిగింది. శాలువాలు కప్పడం అయ్యాక మైకందుకున్న ఒక పెద్దమనిషి, గురువుగారు శీలావతి చేపల మెదడు మీద పనిచేసినప్పుడు ఎంతో ముందుచూపుతో మగచేపల్ని మాత్రమే ఎంచుకున్నారనీ, ఆడవాటి హార్మోన్ల హెచ్చుతగ్గులు ఫలితాల్ని తారుమారు చేస్తాయని ఆ రోజుల్లోనే గ్రహించారనీ సెలవిచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. ముందుచూపూ లేదు, నా మొహమూ లేదు! లేచి ఆ మాటే అనబోతుంటే మా వారు కొంగు పట్టుకుని కూర్చోబెట్టారు కాబట్టి సభ సజావుగా ముగిసింది. మగచేపల్ని ఎంచుకున్నది ఆయనా కాదు, నేనూ కాదు. హనుమాన్ జంక్షన్ అవతల చేపపిల్లల హేచరీ నడిపిన ఒక ఇల్లాలు.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి, ఫోను చెయ్యాలంటే ఇంకా ఎస్టీడీ బూతు దగ్గర నిలబడే కాలం. ఎమ్మెస్సీ అయ్యాక ఇంకా చదువుతానంటే, పటమటలో మా వీధి చివరి స్కూల్లో టీచరుగా చేరమని నాన్న పట్టు. వాదించి వాదించి ఒక ఒప్పందానికొచ్చాం: ఆ వానాకాలం లోపల నమూనాలన్నీ చేతికొస్తే ప్రాజెక్టు నిలుస్తుంది, నా చదువూ నిలుస్తుంది; రాకపోతే చాక్‌పీసు పట్టుకోవాలి. నాన్న అప్పుడే హెడ్మాస్టరు గారితో మాట్లాడి ఉంచారు కూడా, కూతురి మీద అంత నమ్మకం!

పని చెప్పుకోవడానికి తేలికే. పిల్లచేప ఈడుకొచ్చేసరికి దాని మెదడులో కొన్ని జీన్లు ఉన్నట్టుండి చురుకవుతాయి, కొన్ని నెమ్మదిస్తాయి; అవేమిటో, ఎప్పుడో కనిపెట్టాలి. కానీ ఆ చురుకుదనం తాలూకు ఆనవాలు చేప చచ్చిన కాసేపటికే చెడిపోతుంది. అంచేత బజార్లో ఐసు మీద పడుకున్న తలలు పులుసుకే తప్ప మాకు పనికిరావు. చెరువు గట్టునే తల తెరిచి, మెదడు తీసి, క్షణంలో గడ్డకట్టించే లిక్విడ్ నైట్రోజన్‌లో వెయ్యాలి. ఆ నైట్రోజన్ క్యాను గేదెల ఎదసూది మందు దాచేది, పశువుల ఆసుపత్రి వాళ్ళని బతిమాలి తెచ్చుకున్నదే కావడంతో, దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు, "డాక్టరమ్మా, మా గేదె ఎదకొచ్చింది, కాస్త దిగి సూది వేసి పోరాదూ" అని వెంటపడేవారు. కాదమ్మా, ఇది చేపలకి అంటే, చేపలక్కూడానా అని నోళ్ళు నొక్కుకునేవారు.

హేచరీ యజమాని పేరుకి భర్తే గానీ, మాట చెల్లేది భార్యదే. నేను ఆవిడని పిన్నిగారూ, ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. చిన్నచేపలిచ్చారు, ఎదుగుతున్నవీ ఇచ్చారు. తీరా తొలకరి పడి, తల్లిచేపల పొట్టలు గుడ్లతో మెత్తబడి, నాకు అసలు కావలసిన అదను వచ్చేసరికి ఆవిడ గట్టు మీద అడ్డంగా నిలబడ్డారు. ఏటా మొదటి విడత తల్లిచేపకి పసుపురాసి బొట్టుపెట్టి గానీ గుడ్లు పెట్టించే ఇంజెక్షను వెయ్యనివ్వని మనిషి.

"పురిటికొచ్చిన పిల్లని పుట్టింట్లో చంపుకుంటామటే?"

నేను తగ్గుతానా? మరి ఇంట్లో చేపగుడ్ల జన వేపుడు తినరా అన్నాను. బజారుది బజారుదే, నా ఇంటికొచ్చింది నా ఆడపిల్లే అన్నారు. ఆ ఇంజెక్షను మందు సీసాల్లో రాకముందు చేపల తలల్లో గ్రంథి తీసి నూరి వాడలేదా అన్నాను. "చచ్చినవాటి తలలోంచి తీశాం. నేను చంపించానా?" అన్నారు. శాస్త్రం, దేశం, చేపలరైతుల భవిష్యత్తు, అన్నీ ఏకరువు పెట్టాను. ఆవిడ చీపురు తీసుకుని గట్టు ఊడవడం మొదలుపెట్టారు. చివరికి నాన్న సంగతీ, స్కూలు సంగతీ చెప్పేసరికి ఊడవడం ఆపి నా మొహంలోకి చూశారు.

"అయితే మగాళ్ళని పట్టుకుపో. కావలసినన్ని ఉన్నారు, సగంమందికి పనే లేదు." మోటారు దగ్గరున్న బాబాయిగారికి పొలమారింది.

జంక్షన్‌లో బూతు నుంచి గైడు గారికి ఫోను చేశాను. ఆయన ఇంకో హేచరీ చూడమన్నారు. ఇంకోచోట పరిచయాలు కలుపుకునేలోపు అదను దాటిపోతుందన్నాను. ఆయన నిట్టూర్చి, సరే, మగవాటి మీదే రాద్దాం, చిన్నవాటిలోనూ మగవే ఏరు అన్నారు. ఇదీ ఆ ముందుచూపు.

ఫలితాలు బాగానే వచ్చాయి. నాన్న తలవంచుకుని వెళ్ళి హెడ్మాస్టరు గారికి క్షమాపణ చెప్పుకున్నారు. నాకు డాక్టరేటు వచ్చిన రోజున మాత్రం వీధంతా తనే చదివించినట్టు స్వీట్లు పంచారు.

ఇప్పుడు పిన్నిగారు లేరు. హేచరీ చేతులు మారింది, బొట్టు పెట్టే అలవాటు ఆవిడతోనే పోయింది. ఈనాటి పరిశోధక పిల్లలకి తల్లిచేప కావాలంటే జంతు ప్రయోగాల కమిటీ అనుమతి కాగితం ఉంటే చాలు, వలలో వేసి చేతికిస్తారు. మంచిదే, పని సాగుతుంది. కానీ చేప తరఫున గట్టుకి అడ్డంగా నిలబడి, నాలాంటి నోరుగలదాన్ని నోరుమూయించే మనిషి ఒకరు ఉండేవారనీ, మేం వాదించి, ఓడి, నవ్వుకుని, ఆవిడ పెట్టిన అన్నం తిని వచ్చేవాళ్ళమనీ చెబితే ఈ పిల్లలకి కథలా ఉంటుంది.

ఓడినందుకు నాకు బాధ లేదు గానీ, ఆవిడ చూడనివ్వని ఆ తల్లిచేప తలలో ఏముందో అన్న కుతూహలం మాత్రం చావలేదు. మగవాటి సంగతి మేం రాశాం. మరి కడుపు పండే వేళ ఆడ శీలావతిలో ముందు కదిలేది ఏది? తల ఆనతిస్తే ఒళ్ళు సిద్ధమవుతుందా, లేక ఒళ్ళే సిద్ధమై తలకి కబురంపుతుందా?