నా రెండో ఆల్బమ్‌కి నవ్వినవాళ్ళు

మెచ్చుకునేవాళ్ళంటే నాకు మొదటినుంచీ అనుమానమే. ఎవరైనా బాగుందంటే ముందు వాళ్ళ మొహం చూస్తాను. తర్వాత వాళ్ళ పక్కనున్నవాడి మొహం చూస్తాను. పక్కవాడు నవ్వాపుకుంటున్నాడంటే ఆ మెప్పు ఏపాటిదో తెలిసిపోతుంది.

ఈ జబ్బు నా రెండో ఆల్బమ్‌తో ముదిరింది. మొదటి ఆల్బమ్ కోసం శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకునే మనిషి మీద ఒక ర్యాప్ కట్టాను. మా యాసలోనే, ఉన్నదున్నట్టు. అది ఎవరి ఫోన్లో చూసినా మోగింది. జనం పడీపడీ నవ్వారు. నవ్వించాలనే రాశాను కాబట్టి నాకూ బాగానే ఉంది. సినిమాల్లో మా మాట వినబడితే చాలు, విషయం ఏదైనా నవ్వేయడం ఈ జనానికి అలవాటన్న సంగతి అప్పుడు తోచలేదు.

రెండో ఆల్బమ్‌ని ఒక్క పాట కోసమే చేశాను. మిగతావి దానికి తోడు. మాది భావనపాడు వైపు ఊరు. కొబ్బరి, జీడి మా బతుకు. తుపాను మా తోటని నేలమట్టం చేసినప్పుడు నేను విజయనగరం హాస్టల్లో చదువుకుంటున్నాను. దారులు తెరిచాక వెళ్ళి చూసిందీ, అమ్మ చెప్పగా విన్నదీ కలిపి పాట చేశాను. 'మా సెట్లన్నీ పడిపోనాయి, ఆకాశం ఎక్కువైపోనాది' అన్నది అందులో తిరిగి తిరిగి వచ్చే మాట. ఆ మాట రాసిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఆల్బమ్ బయటికి రాగానే పాట కింద నవ్వుల బొమ్మలు వరస కట్టాయి. పొట్ట చెక్కలైందన్నా అని ఒకడు. ఈ యాస భలే ముద్దొస్తోందని ఒకావిడ. మరొకడైతే మా మాటనే పట్టుకుని, 'మాయి కూడా పడిపోనాయి అన్నా' అని రాసి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మ పక్కన తగిలించాడు. వెక్కిరింపులో ఇదొక కొత్త రకమనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

తర్వాత విజయనగరంలో ఒక కాలేజీ వాళ్ళు పాడమని పిలిచారు. సరిగ్గా చెట్లు పడిపోయిన మాట దగ్గరికి వచ్చేసరికి వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అది ముందు వరసలదాకా పాకింది. పాట ముగించి, ఫోటోలకి కూడా నిలబడకుండా దిగి వచ్చేశాను. అప్పటినుంచి టీ కొట్టు దగ్గర ఎవరు ఫోన్ చూసి నవ్వినా అది నా పాటేనేమోనని మెడ సాచి చూడటం మొదలుపెట్టాను.

బీట్లు చేసేది మా మేనత్త కొడుకు, నాకు బావ. శృంగవరపుకోటలో మేడమీది గదికి దుప్పట్లు కట్టి స్టూడియో చేశాడు. ఆ ఒక్క పాటనీ మామూలు తెలుగులో మళ్ళీ పాడి పెట్టేద్దాం, అప్పుడెవడు నవ్వుతాడో చూద్దామన్నాడు. నాకు బావ మీద కూడా అనుమానం వచ్చింది. పెద్ద మ్యూజిక్ కంపెనీ వాళ్ళెవరో చెవిలో ఊది ఉంటారనుకున్నాను. అయినా వెళ్ళి పాడాను. టీవీలో వార్తలు చదివేవాళ్ళలాగా ప్రతి అక్షరం శుభ్రంగా పలికాను.

ఏది ఉంచాలో తేల్చుకోలేక రెండూ ఫోన్లో పెట్టుకుని ఇంటికి వచ్చాను. అమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. అప్పటిదాకా ఆమెకి ఈ పాట వినిపించడానికి నాకు ధైర్యం చాలలేదు. మా ఇంట్లో ఎవరేం చెప్పినా వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే నిద్రైనా పట్టి ఉండాలి, చెప్పేదాని మీద నమ్మకమైనా కుదరకపోయి ఉండాలి. అందుకే అమ్మని ఏమీ అడగదల్చుకోలేదు. ఆమె ఊ ఉంటే చాలు నాకు తెలిసిపోతుంది.

ముందు కొత్తది పెట్టాను. అమ్మ పిక్కలు తీస్తూనే ఉంది. ఒక్క ఊ లేదు. అయిపోయాక, ఎవరిదిరా ఈ పాట అని అడిగింది. నేను పాతది పెట్టాను. రెండో మాటకే ఊ అంది. తర్వాత మాట మాటకీ ఊ. నా గుండె కుదుటపడుతుండగా ఆ చెట్ల మాట వచ్చింది. అమ్మ చేతిలో పిక్క అలాగే ఆగిపోయింది. కిసుక్కున నవ్వింది.

పాట ఆపేశాను. ఇంకెవరు నవ్వినా ఓర్చుకునేవాణ్ణేమో, ఆమె నవ్వితే తట్టుకోలేకపోయాను.

"నువ్వు కూడా నవ్వుతన్నావేటే అమ్మా?"

అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఆ దినం మీ నాన్న కూడా ఇలగే నవ్వినాడురా. తెల్లారి తలుపు తీసి సూస్తే ఒక్క సెట్టూ నిలబడి నేదు. ఏడుద్దామంటే ఏడుపు రానేదు. ఆయన నవ్వీసినాడు, ఆయన్ని సూసి నాకూ నవ్వొచ్చీసినాది. ఇద్దరం గుమ్మంలో నిలబడి ఎర్రోళ్ళలాగ నవ్వినాం."

ఈ సంగతి ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. ఫోన్లో చెట్ల గురించి చెప్పింది, నవ్వు గురించి చెప్పలేదు. ఎలా చెబుతుంది? పరాయివాళ్ళు వింటే ఏమనుకుంటారు? అమ్మ పాట మళ్ళీ పెట్టమంది. పెట్టాను. చివరిదాకా ఊ కొట్టింది.

బావకి ఫోన్ చేసి పాతదే ఉండనీ అన్నాను. నీ ఇష్టం, రెండోసారి నువ్వు పాడుతుంటే నాకే నిద్రొచ్చిందన్నాడు. పాపం, కంపెనీ వాళ్ళెవరూ లేరు.

తర్వాత కాలేజీ వెనక వరసలు గుర్తొచ్చాయి. అక్కడ ఎవరెవరు కూర్చున్నారో, ఏ ఊళ్ళనుంచి వచ్చారో నాకేం తెలుసు? పాట కింద వెతుక్కుంటూ వెళ్ళి ఆ వెక్కిరింపుగాడి మాట పట్టుకున్నాను. 'మాయి కూడా పడిపోనాయి అన్నా.' ఇంకా సగం అనుమానంతోనే దాని కింద రాశాను, మీ సెట్లు ఎన్ని పడిపోనాయి తమ్ముడూ అని.

టీ తాగేలోపు జవాబొచ్చింది.

'అన్నీ' అని రాశాడు. పక్కన మళ్ళీ అదే నవ్వే బొమ్మ.