స్పీకర్ డబ్బాలో గొంగడి

నా చిన్నప్పుడు నేను చేసిన తప్పులకు లెక్కలేదు. చాలావాటికి దెబ్బలు తిన్నాను, వాటితో నాకు పేచీ లేదు. దెబ్బలు తినకుండా తప్పించుకున్నది ఒక్కటి మిగిలిపోయింది. జుట్టంతా నెరిసినా అది మింగుడు పడలేదు. మా ఇంట్లో పిల్లలు ఎప్పుడైనా పాటలు పెడితే, పాట ఏమిటో వినకముందే నా అరచెయ్యి స్పీకర్ డబ్బా మీదికి పోతుంది. ఎందుకని వాళ్ళు అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి దాటేశాను. ఈసారి దాటెయ్యను.

మాది కరీంనగర్ వైపు నుంచి సూరత్ వెళ్ళిన నేత కుటుంబం. అక్కడి గోడాదరా పేటలో మూడంతస్తుల భవనం, అంతస్తుకు ఆరు గదులు, గదులన్నిటి ముందూ ఒకటే పొడవాటి గ్యాలరీ. మా బాపు మరమగ్గాల ఖాతాలో పని చేసేవాడు. అక్కడ మగ్గాల కార్ఖానాను ఖాతా అంటారు. యాభై ఏళ్ళ కిందట, కరోనా రెండో ఏడు అది. నాకు పదకొండేళ్ళు. బడులు మూతబడి, పాఠాలు ఫోన్‌లోకి వచ్చాయి. మా అంతస్తులో ఏడుగురు పిల్లలం, పాఠం పలికే ఫోన్ ఒక్కటే, బాపు తమ్ముడు మా చిన్నబాపుది. దాన్ని స్టూలు మీద నిలబెట్టి, పెద్దవాళ్ళు గీసిన సుద్దగీతల్లో దూరదూరంగా కూర్చునేవాళ్ళం. వెనుక గల్లీలో మగ్గాలు ఆడుతుంటే టీచరమ్మ గొంతు మూడో గీత దాటేది కాదు. మొదటి గీత నాది. వెనుకవాళ్ళకు నేను తిరిగి చెప్పిందే పాఠం, నాకు అర్థం కానిదంతా పాఠంలో లేనట్టే.

ఆ ఫోన్‌కు స్పీకర్లు చేస్తానని మా చిన్నబాపు పూనుకున్నాడు. ఆయన మగ్గాలు బాగుచేసే మేస్త్రీ, చేతులు ఊరికే ఉండవు. అడాజన్ వైపు పాత సామాన్లు కొనే భంగార్ కొట్టులో పాడైన టీవీ ఒకటి దొరికితే దాని పొట్ట విప్పి రెండు స్పీకర్లు తీసుకొచ్చాడు. ఇక వాటిని పలికించే ఆంప్లిఫైయర్ కావాలి. సగం షట్టర్ దించి పని చేసుకుంటున్న రిపేరు కొట్టుకు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. కొట్టతను రెండు బోర్డులు ముందు పెట్టాడు. ఒకటి ఇటుకంత బరువు, మీద అల్యూమినియం రెక్కలు, వెలిగే నీలం లైట్లు. రెండోది నా అరచేతిలో పట్టే పచ్చటి బిళ్ళ. నేను పెద్దదాని మీద చెయ్యి వేసి తీయలేదు. చిన్నబాపు చిన్నదే తీసుకున్నాడు.

దారంతా మూతి ముడుచుకునే ఉన్నాను. ఇంటికొచ్చాక ఆయన స్పీకర్ వెనక్కి తిప్పి, దాని మీద రాసి ఉన్న పది వాట్లు చూపించాడు. ఆ చిన్న బోర్డుకు పాత ఇంటర్నెట్ డబ్బా అడాప్టర్ చాలునని, పెద్దదానికి ఇంకో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కావాలని చెప్పాడు. నా మొహం అప్పటికీ విచ్చుకోలేదు.

"దీని గొంతు ఎంతుందో సూసి బలం ఇయ్యాలె బిడ్డా. మన ఆశ ఎంతుందో సూసి ఇస్తే చినిగిపోతది. మనకు కావాల్సింది బరాత్ బ్యాండు గాదు, టీచరమ్మ మాట."

నాకు మాత్రం బరాత్ బ్యాండే కావాలి. నా పక్కన ఆ నీలం లైట్లు వెలుగుతుంటే అంతస్తంతా నన్ను చూడాలి. నా గుణం అప్పుడే అలా ఉండేదని తెలియడానికి ఈ సంగతి చెబుతున్నాను.

పాత బీరువా ప్లైవుడ్‌తో డబ్బాలు తయారయ్యాయి. మొదటి రోజు మీట నొక్కితే టీచరమ్మ ఖాళీ డ్రమ్ములో కూర్చుని మాట్లాడుతున్నట్టు వినిపించింది. చప్పుడు పెద్దదే, మాట తెలియదు. అందరం మొహాలు చూసుకుంటుంటే మా పక్కగది తాత వచ్చి డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు. నలభై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడి ఆయన చెవులు పోయాయి. ఏ యంత్రం సంగతైనా చేత్తోనే కనుక్కునేవాడు. "లోపట కొట్టుకుంటున్నది" అన్నాడు పెద్ద గొంతుతో. చెవుడు వచ్చినవాళ్ళ మాట ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది.

ఆ తాతకు నేనే చెవులు. ఎవరేమన్నా ఆయన నా వైపు చూసేవాడు, నేను ఆయన చెవి దగ్గర అరిచి చెప్పేదాన్ని. ఇంకో మనిషి లేని గది ఆయనది. ఒక మంచం, ఒక మట్టికుండ, మంచం మీద మడతపెట్టిన నల్లటి గొంగడి. ఊళ్ళో వాళ్ళ అయ్య గొర్రెలు కాసే ఒక కురుమాయనకు చీర నేసిస్తే, బదులుగా ఆయన నేసిచ్చిన గొంగడట అది. రాత్రి పాళీ దిగి వచ్చి, సూరత్ ఎండల్లో కూడా అదే కప్పుకుని పడుకునేవాడు.

డబ్బా మీద చెయ్యి పెట్టిన నాలుగు రోజులకే ఆయనకు జ్వరం తగిలింది. అంబులెన్స్ వచ్చింది. మెట్లు దిగేముందు గది తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "కుండల నీళ్ళు దినాం మార్చు బిడ్డా. వచ్చినంక తాగుత" అన్నాడు.

రెండు రోజులు మార్చాను. మూడో రోజు గ్యాలరీలో ఆడవాళ్ళు మాట్లాడుకున్నారు, మన గల్లీ నుంచి అట్లా పోయినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదని. ఆ గదిలోకి పోవద్దని మా అమ్మ గట్టిగా చెప్పింది. కుండ కడిగి, నీళ్ళు మోసే పని తప్పినందుకు నేను లోపల సంతోషించాను.

ఈలోగా చిన్నబాపు డబ్బా రోగం కనిపెట్టాడు. లోపలి చప్పుడు చెక్కలకు తగిలి వెనక్కి వస్తోందని, దాన్ని మింగడానికి మెత్తటిది, దట్టమైనది ఏదైనా లోపల పరచాలని అన్నాడు. సూరత్‌లో గుడ్డముక్కలకు కరువా? చీరల అంచులు కత్తిరించిన చిందీ బస్తాలు గల్లీ గల్లీలో ఉంటాయి. ఒక బస్తా తెచ్చి కూరాడు. అదంతా పాలిస్టర్, పల్చగా జారిపోయే సరుకు, రెండు రోజుల్లో అడుగుకు దిగిపోయింది. దిండులోని దూది వేస్తే ఉండలు కట్టింది. స్పంజి అమ్మే కొట్లు తెరవలేదు. ఒక మధ్యాహ్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని తనలో తానే, "గొర్రె ఉన్నిది ఏమన్నా ఉంటే కుదురుతుండె" అన్నాడు.

ఆ మాట నా చెవిన పడింది. మర్నాడు అమ్మ కునుకు తీస్తుండగా పక్కగది తాళం తీశాను. నీళ్ళకు అడ్డొచ్చిన రోగభయం గొంగడికి అడ్డురాలేదు. మూలన కుండ మూత మీద దుమ్ము కనిపించింది. కనిపించలేదని చెబితే అబద్ధం. చూశాను, చూసి గొంగడి చంకన పెట్టుకుని బయటికొచ్చాను. రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి, అమ్మ దారాలు తెంపే కత్తెరతో అక్కడే ముక్కలు చేశాను. ఎంత దట్టపు నేతో, బొటనవేలు బొబ్బలెక్కింది. మొత్తంగా తీసుకెళితే చిన్నబాపు కోయనివ్వడని తెలుసు, అందుకే ముక్కలే తీసుకెళ్ళాను. తాత ఇచ్చిండా అని ఆయన అడిగితే, పోయేటప్పుడే ఇచ్చాడని, పాతదైపోయిందన్నాడని, పిల్లలకు పనికొస్తే అంతే చాలన్నాడని చెప్పాను. అడిగింది ఒక్క మాట, నేను చెప్పింది మూడు.

చిన్నబాపు ముందు పలక వదిలి, వెనుకా పక్కలా జిగురు పూసి ముక్కలు అతికించాడు. మీట నొక్కాడు. టీచరమ్మ మా గ్యాలరీలోకే వచ్చి కూర్చున్నట్టుంది. ఆమె పుస్తకం పేజీ తిప్పిన చప్పుడు కూడా చివరి గీతలోని చిన్నదానికి వినబడి, అది చప్పట్లు కొట్టింది. చిన్నబాపు అందరికీ నా తెలివి గురించి చెప్పాడు. నాకు రవ్వంత కూడా సిగ్గెయ్యలేదు. ఇప్పుడు ఎక్కువ సిగ్గు పడేది దానికే.

వారం తిరక్కుండా, ఎండ మండుతున్న వేళ, పాఠం నడుస్తుండగా మెట్ల దగ్గర ఎవరో ఆగి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నట్టు వినిపించింది. తాత. చేతిలో మందుల కవరు. మనిషి సగమయ్యాడు. పిల్లలంతా గోడకు అంటుకుపోయారు. నేను లేవలేదు. ఆయనే వచ్చి చెయ్యి చాపాడు, తాళంచెవి ఇచ్చాను. లోపల కుండ మూత తీసిన చప్పుడైంది. కాసేపటికి కుండ రెండు చేతులా పట్టుకుని వచ్చి, ఆ పాత నీళ్ళు మోరీలో నెమ్మదిగా వంపాడు. తర్వాత మంచం మీద పరుపు ఎత్తి చూడడం, కింద వంగి చూడడం తలుపులోంచి కనిపించింది. అంత ఎండలోనూ ఆయన వణుకుతున్నాడు.

తాత వచ్చిన సంగతి తెలిసి మా చిన్నబాపు బయటికొచ్చాడు. సంతోషం పట్టలేక దూరం నుంచే అన్నాడు. "తాతా, నీ గొంగడి మస్తు పనిచేసింది. పోయేటప్పుడు పిల్లకు ఇచ్చి జర పుణ్యం గట్టుకున్నవ్."

తాతకు వినబడలేదు. ఎప్పటిలాగే నా వైపు చూశాడు.

నా అబద్ధాన్ని నేనే, ఎవరిది దొంగిలించానో ఆయన చెవిలోనే, అంతస్తంతా వినేలా అరవాల్సి వచ్చింది. ఇంకేదైనా అరవొచ్చు, కానీ వినేవాళ్ళు పదిమంది ఉన్నారు. నిజం అరవొచ్చు, అది నోటికి రాలేదు. ఆయన భుజం పట్టుకుని అరిచాను. "గొంగడి నువ్వే నాకు ఇచ్చినవట. మంచిగ పనిచేసిందట." ఇచ్చినవట అన్నాను చూడండి, ఎవరో చెబితే విన్నదానిలా.

తాత నన్ను చూశాడు. తర్వాత ఆ పెద్ద గొంతుతోనే అందరికీ చెప్పాడు. "అవును. నేనే ఇచ్చిన."

స్టూలు దగ్గరికి వచ్చి డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు. టీచరమ్మ ఏదో చెబుతోంది. ఇప్పుడు కొట్టుకుంటలేదు అని తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలకముందు అమ్మ జావ కాచి నా చేత పంపింది. తాత రెండు దుప్పట్లు కలిపి కప్పుకుని గోడకు ఆనుకున్నాడు. జావ పక్కన పెట్టించి, నన్ను గడప దగ్గరే కూర్చోమన్నాడు. అప్పుడు, ఆయన దగ్గర ఎప్పుడూ వినని చిన్న గొంతుతో, గ్యాలరీలోకి పోనంత నెమ్మదిగా అడిగాడు.

"నేను రాననుకున్నవా బిడ్డా?"

ఆ మాటకు అరవనక్కర్లేదు. తల ఊపాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేకపోయాను.

"నేను గూడ గట్లనే అనుకున్న" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఆడ దూపైతుండె. నీళ్ళడిగితె వినేటోడు లేకుండె. ఇంట్ల కుండల నువ్వు నీళ్ళు మారుస్తున్నవని యాది జేస్కుంట పండుకున్న."

గొంగడి ఊసే ఎత్తలేదు. ముక్కలు ఊడదీసి కుట్టిస్తానని నేను చెవి దగ్గర చెబితే చెయ్యి అడ్డంగా ఊపాడు, పిల్లలు వింటున్నారు కదా, ఉండనీ అని. నేను లేచి కుండ తోమాను. మూడుసార్లు కడిగి నింపాను. ఒక గ్లాసు ముంచి ఇస్తే తాగి, చల్లగున్నయి అన్నాడు.

మరుసటి ఏడు ఆయన ఊరికి వెళ్ళిపోయాడు. మా చిన్నబాపుకు నేను నిజం చెప్పలేదు. చెప్పడానికి బోలెడు ఏళ్ళు దొరికాయి, అయినా చెప్పలేదు. తన స్పీకర్లలో ఉన్నది ఒక మంచి మనిషి ఇచ్చిన గొంగడి అని అందరికీ చెప్పుకుంటూనే ఆయన కన్నుమూశాడు. అందులో పూర్తి అబద్ధమూ లేదనుకుంటాను.

మా ఇంట్లో కానీ ఇరుగుపొరుగులో కానీ ఎవరైనా ఆసుపత్రికి వెళితే, వాళ్ళ గదిలో మంచం పక్కన చెంబులో నీళ్ళు పెట్టి రోజూ మారుస్తాను. ఇంట్లో ఫిల్టర్ మెషిన్ ఉండగా ఇదేం చాదస్తం అమ్మమ్మా అని మనవరాలు నవ్వుతుంది. వచ్చినవాళ్ళున్నారు, రానివాళ్ళున్నారు. ఎవరొస్తారో ఎవరు రారో తేల్చే పని నాది కాదని నేను తెలుసుకున్నాను. పాత నీళ్ళు మొక్కకు పోసి, చెంబు కడిగి, మళ్ళీ నింపుతాను.