గాజు పలక మీద ఎడమ బొటనవేలు

దయ్యాలనీ ఆత్మలనీ నేను ఎన్నడూ నమ్మలేదు. చీకటి పడ్డాక మా ఊరి వాగు దాటడానికి మగవాళ్లే జంకేవాళ్లు. నేను ఒక్కదాన్నే పోయి తప్పిపోయిన మేకను తోలుకొచ్చేదాన్ని. తర్వాత చదివిన చదువు ఫోరెన్సిక్ సైన్స్. చెయ్యి పడకుండా ముద్ర పడదని మొదటి రోజు నుంచీ మాకు నేర్పారు. ఇప్పటికీ నేను నమ్మేది అదే. అందుకే ఈ సంగతి చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నేను ఎమ్మెస్సీ రెండో సంవత్సరంలో ఉన్నాను. తార్నాకలో మెట్రో లైనుకు వెనక సందులో, మేడ మీద ఒక గది. నాతోపాటు నందిని ఉండేది. అనంతపురం పిల్ల, నా క్లాస్‌మేటే. పొద్దున ఇడ్లీ తిని ఇద్దరం క్యాంపస్‌కు నడిచే పోయేవాళ్లం.

ఆ వానాకాలంలో మా నాయనమ్మ మల్లమ్మ కంటి ఆపరేషన్ కోసం జనగామ దగ్గరి మా ఊరి నుంచి వచ్చింది. నెల రోజులు దుమ్ములో తిరగొద్దని, పూటపూటకూ చుక్కల మందు వేయాలని డాక్టరు చెప్పడంతో మా గదిలోనే ఉండిపోయింది. నల్లద్దాలు పెట్టుకుని పిట్టగోడ దగ్గర కూర్చుని మెట్రో రైళ్లు చూసేది.

"అంతెత్తుల ఉరుకుతున్నది, అండ్ల కూసున్నోళ్లకు కండ్లు తిరుగయా?" అని రోజూ అడిగేది.

ఒక ఆదివారం ఎక్కించి ఉప్పల్ దాకా తీసుకుపోయాం. దిగాక ఇంకోసారి పోదామంది.

నందినికి నాయనమ్మ అంటే ప్రాణం. "అవ్వా, అవ్వా" అంటూ కొంగు పట్టుకుని తిరిగేది. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి సగమే అర్థమై పడీపడీ నవ్వుకునేవాళ్లు.

ఆ నెలలోనే మాకో పని ఇచ్చారు. పది మంది వేలిముద్రలు సిరాతో కాగితం మీద తీసి, ఏ వేలికి ఎలాంటి గీతలున్నాయో రాసి తేవాలి. మొదట నాయనమ్మనే కూర్చోబెట్టాను.

"నాకు శంకమున్నదా, చక్రమున్నదా సూడు. మా అమ్మ ఎన్నడు సూడలే," అంది ఉత్సాహంగా.

ఏమీ కనపడలేదు. పదివేళ్లూ పది నల్లటి మరకల్లా పడ్డాయి. యాభై అరవై ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసి, పత్తి ఏరిన వేళ్లవి. గీతలన్నీ అరిగిపోయాయి. ఎడమ బొటనవేలి మీద ఒక్క గాటు మాత్రం తెల్లగా, వాలుగా పడింది. మొదటిసారి వరి కోతకు పోయినప్పుడు కొడవలితో కోసుకుందట. అప్పటికి తనకు పదేళ్లో పన్నెండేళ్లో.

వేడినీళ్లలో నానబెట్టాం, నూనె రాశాం, సిరా తగ్గించాం. పదకొండు కాగితాలు పాడుచేశాను.

"ఊకో బిడ్డా. రేషన్ దుకాణంల మిషిన్ గుడ నన్ను గుర్తువట్టది. నువ్వు మల్లమ్మవేనా అంటడు డీలరు," అని నవ్వేసింది. కానీ ఆ రోజు అన్నం తింటూ రెండుసార్లు తన వేళ్లు వెలుతురుకు పెట్టి చూసుకోవడం నేను గమనించాను.

ఊరికి పోయిన రెండు నెలలకు, పత్తి ఏరే రోజుల్లో, నాయనమ్మ నిద్రలోనే పోయింది.

పదకొండోనాడు అయ్యాక తిరిగి వచ్చాను. వచ్చిన మూడో రోజే ప్రాక్టికల్ పరీక్ష. పగలు పదకొండు గంటలకు, కిటికీలన్నీ తెరిచి ఉన్న గదిలో. ప్రతి ఒక్కరికీ ఒక గాజు పలక ఇచ్చారు. కొత్త డబ్బా, పలకకూ పలకకూ మధ్య కాగితం. దాన్ని మా ముందే విప్పారు. నాయనమ్మ ఎన్నడూ ఆ ల్యాబ్‌కు రాలేదు.

నా పలకను నేనే సబ్బుతో కడిగాను. స్పిరిట్‌తో తుడిచాను. చేతులకు గ్లవ్స్ ఉన్నాయి. కుడి గ్లవ్ ఒక్కటే తీసి, కుడి బొటనవేలు ఒకసారి ఆనించి, మళ్లీ తొడుక్కున్నాను. తర్వాత బ్రష్‌తో నల్ల పౌడర్ వేశాను.

రెండు ముద్రలు లేచాయి.

ఒకటి నాది. దానికి జానెడు దూరంలో ఇంకొకటి, చిన్నది. ఎంత స్పష్టంగా ఉందంటే పుస్తకంలో బొమ్మలా ఉంది. నడుమ గుండ్రటి చక్రం. దాని మీద వాలుగా ఒక గాటు.

పరీక్ష పెడుతున్న మా సార్ వచ్చి భూతద్దం పెట్టి చూశారు.

"ఎడమ బొటనవేలు. గీతలు చాలా దగ్గర దగ్గరగా ఉన్నాయి. పదేళ్లో పన్నెండేళ్లో ఉన్న పిల్లది. ఇక్కడికి చిన్నపిల్లలెవరు వచ్చారమ్మా?" అన్నారు.

ఎవరూ రాలేదు. గదిలో ఉన్న అందరి ఎడమ బొటనవేళ్లూ చూశారు, అటెండర్‌దీ తనదీ కూడా. గాటు ఎవరికీ లేదు. ముద్రలు రెండింటినీ టేపు మీదికి ఎత్తి, కార్డుకు అతికించి, రిపోర్టు రేపు రాసుకురమ్మన్నారు.

సాయంత్రం గదిలో, ఫోన్‌లో తీసుకున్న టేపు ఫొటో పెద్దది చేసి చూస్తుంటే నందిని నా భుజం మీదుగా వంగింది.

"ఒసేయ్, ఇది అవ్వ ఏలు కదే!"

అప్పటిదాకా ఆ మాట నేను మనసులో కూడా అనుకోలేదు. నాయనమ్మ కాగితాలు పదకొండూ బయటికి తీశాం. గాటు వాలు ఒకటే. కింది చివర అది రెండుగా చీలడం కూడా ఒకటే. గాటు కింద, వేలి అంచున, అప్పుడు నా కంటికి ఆనని గోరంత చోటు ఒకటి అరగకుండా మిగిలి ఉంది. అక్కడ ఒక గీత చీలుతుంది, పక్కది మధ్యలో ఆగిపోతుంది, రెండింటి నడుమ చుక్కంత ముక్క ఉంటుంది. గాజు మీది ముద్రలోనూ అవే, అదే వరసలో ఉన్నాయి. గీతల మధ్య ఎడం మాత్రమే తక్కువ. మనిషి పెరిగితే ఆ ఎడం పెరుగుతుంది, వరస మారదు.

నందిని ఏడవడం మొదలుపెట్టింది. "అవ్వకు చక్రముండాదే," అని మళ్లీ మళ్లీ అంది.

నాకు భయం వేయలేదు. అది కూడా చెప్పాలి. చలికాలం పొద్దున నాయనమ్మ పక్కలో దూరినప్పుడు ఎలా ఉండేదో అలా ఉంది.

రిపోర్టులో రెండో ముద్ర ఎవరిదో రాయాలి. "తెలియదు" అని రాశాను. అలా రాస్తే ఎవరూ నవ్వరు, ఎవరూ ఏమీ అడగరు. పొద్దున రిపోర్టు ఇవ్వడానికి పోతుంటే, క్యాంపస్ గేటు దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచీ నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి. ఆమెను గుర్తుపట్టి కూడా తెలియదని రాశాను.

అక్కడే చెట్టు కింద కూర్చుని కొట్టేసి, మళ్లీ రాశాను: "మా నాయనమ్మ మల్లమ్మ ముద్రతో కలుస్తోంది. ఆమె ఇప్పుడు లేదు. పలక మీదికి ఎలా వచ్చిందో నాకు తెలియదు."

సార్ కాగితాలన్నీ ముందేసుకుని చాలాసేపు చూశారు. కొలతలు తనే తీసుకున్నారు.

"కోర్టుకు ఇది చాలదు. కలిసిన గుర్తులు తక్కువ," అన్నారు.

"తెలుసు సార్."

"పలక సరిగ్గా కడగలేదని మార్కులు తీసేయాలి నేను."

"తీసేయండి సార్."

తీసేశారు. సంతకం పెట్టి, టేపు అతికించిన కార్డును మాత్రం ఫైలులో పెట్టలేదు. నా చేతికిచ్చి, "మీ సొంత నాయనమ్మేనా?" అని అడిగారు. అవునన్నాను. తల ఊపి కిటికీ వైపు తిరిగారు.

ఇప్పుడు నా ఉద్యోగమే వేలిముద్రలు చూడటం. కొత్త పరికరాల కింద ఆ కార్డును ఎన్నోసార్లు పెట్టి చూశాను. తప్పు ఎక్కడ జరిగిందో వెతికాను. పలకను తయారుచేసిన చోట ఏ పిల్లో ముట్టుకుందేమో, అలాంటి గాటే ఆ పిల్లకూ ఉందేమో, నేను సరిగ్గా కడగలేదేమో. ఒక్కొక్కటీ విడిగా జరగొచ్చు. అన్నీ కలిసి ఆ ఒక్క పలక మీదే, నా చేతిలోనే జరగడం నాకు అర్థం కాదు.

కిందటి దసరాకు ఆ కార్డు మా నాన్నకు చూపించాను. వాళ్లమ్మను ఆయన అవ్వ అనే పిలిచేవాడు. చాలాసేపు చూసి, "గింత సిన్నగుండెనా మా అవ్వ ఏలు," అన్నాడు.

నాయనమ్మకు చిన్నప్పటి ఫొటో ఒక్కటి కూడా లేదు. ఉన్నవాటిలో పాతది ఓటరు కార్డు మీదిది. అప్పటికే తల నెరిసింది. పన్నెండేళ్ల మల్లమ్మ ఎలా ఉండేదో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. నాన్న ఆ ముద్ర ఉన్న కార్డును తిరిగి ఇవ్వలేదు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేనూ అడగలేదు.