బోరు కోసం కొన్న పట్టుచీరలు

నా పెళ్లికి మా అమ్మ పెట్టిన పట్టుచీర ఒక్కటే నేను ఎరిగిన పట్టుచీర. క్రెడిట్ కార్డు బ్యాంకు లెక్క ప్రకారం మాత్రం నేను రెండే సార్లు పోయి, కడపలో ఒకే అంగట్లో, బీరువా నిండేటన్ని పట్టుచీరలు కొన్నాను. ఆ చీరల అప్పు తీర్చడానికి నాకు ఏండ్లు పట్టింది. అవి ఏ రంగువో, ఏ అంచువో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడు నేను వేంపల్లె దగ్గర ఒక ప్రభుత్వ బడిలో లెక్కల టీచరుని. మా ఆయనకు నాలుగెకరాల చీనీ తోట. బయటివాళ్లు బత్తాయి అంటారు, మేం చీనీ అంటాం. మా పెళ్లయిన ఏడాది తన చేతులతో గుంతలు తీసి నాటిన చెట్లవి. మాకు పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా ఎత్తితే మా ఆయన తోట వైపు చెయ్యి చూపించి నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు గానీ, ఆ చెట్లంటే ఆయనకు ఏమిటో నాకు తెలుసు.

సెల్‌ఫోన్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. టీచర్లందరికీ మండలాఫీసులో ఏదో శిక్షణ జరుగుతుంటే టైలు కట్టుకున్న కుర్రవాళ్లు ఇద్దరు వచ్చి, కొత్త అల్లుళ్లకు చేసినట్టు మాకు మర్యాదలు చేసి, జీతం కాగితం చూపిస్తే చాలు, కార్డు ఇంటికే వస్తుందన్నారు. అందరూ సంతకం పెడుతుంటే నేనూ పెట్టాను. కార్డు వచ్చింది. ఉబ్బెత్తు అక్షరాల్లో నా పేరు. మా ఆయన దాన్ని వేలితో తడిమి, ఇంత పలుచని ముక్కలో దుడ్డు యాడ దాచినారని అడిగాడు. నేను దాన్ని బైబిల్లో పెట్టి బీరువాలో వేశాను. మహా భద్రమైన చోటే.

తర్వాత వరుసగా కరువులు. ఉన్న బోరు ముందు సన్నబడింది, తర్వాత బురద కక్కింది, తర్వాత గాలి ఊదింది. భూమి అప్పటికే సొసైటీ బ్యాంకులో కుదువ ఉంది. ఎరువుల అంగడి శెట్టి మా ఆయన్ని చూస్తే లోపలికి పోయి కూర్చునే స్థితి. బోరు వేసే తమిళ లారీవాళ్లు మాత్రం చేతిలో నగదు పెడితేనే ఇంజను ఆడిస్తారు. కొత్త బోరు పడకపోతే చెట్లు పోతాయి. అప్పుడు మా బడిలోని ఒక అయ్యవారు దారి చెప్పాడు. కడపలో ఫలానా బట్టల అంగట్లో కార్డు గీకితే చీరలు కొన్నట్టు బిల్లు రాసి, తమ వాటా పట్టుకుని, మిగతాది నగదుగా చేతికిస్తారు. సగం ఊరు అట్లనే చేస్తోందట.

ఆ అంగడి యజమాని శానా మర్యాదస్తుడు. మాకు సోడాలు తెప్పించాడు. ఏ చీరలు రాయమంటావమ్మా అని అడిగాడు. ఏవైనా రాయండన్నాను. "పట్టువైతే లెక్క తొందరగా సరిపోతాదిలేమ్మా," అన్నాడు. లెక్కల టీచరుకి లెక్క చెప్పిన మొదటి మనిషి ఆయనే.

బోరు పాయింటు చూడటానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే మనిషిని పిలిపించాడు మా ఆయన. క్రైస్తవులు ఇట్లాంటివి నమ్మకూడదని మా చర్చి అయ్యగారు ప్రతి ఎండాకాలం ప్రసంగం చేసేవారు. ఆ కాయ ఆ మనిషి చేతిలో నిట్టనిలువుగా లేచిన చోట మేం మోకరించి ప్రార్థన కూడా చేశాం. రెండు వైపులా చూసుకున్నామన్నమాట. లారీ సాయంత్రం దాకా మొరిగింది. తెల్లటి రాతిపొడి లేచి చెట్ల మీద, మా తలల మీద పడింది. నీళ్లు పడకుండానే ఇంజను ఆగిపోయాక మా ఆయన ఆ పొడిని గుప్పెట్లోకి తీసుకుని పిసికి చూశాడు, తడి తగులుతుందేమోనని. ఆ చెయ్యి చూసి నాకు ఏడుపు ఆగలేదు.

బ్యాంకు నుంచి నెలనెలా కాగితం వచ్చేది. అందులో ఒక మూల, కనీసం ఇంత కడితే చాలు అని అచ్చేసి ఉంటుంది. ఆ 'చాలు' అన్న మాటంత అబద్ధం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. బడిలో పిల్లలకు చక్రవడ్డీ పాఠం చెప్పేదాన్ని. తప్పు చేసినవాళ్లను బెంచీ ఎక్కించేదాన్ని. ఇంటికొచ్చి ఆ కనీసం కట్టి, ఈ నెల గండం గడిచిందనుకునేదాన్ని. ఎంత కట్టినా అసలు అట్లనే ఉండేది, పైగా ఒళ్లు చేసేది.

ఆ మరుసటి ఏడు ఒక మంచి వాన పడింది. చీనీ చెట్టును కొన్నాళ్లు ఎండగట్టి నీళ్లిస్తే విరగపూస్తుంది. మా వైపు రైతులు కావాలనే చేసే పని అది. ఈసారి ఎండగట్టే పని కరువే చేసిపెట్టింది. తోటంతా తెల్లబడింది. ఆ వాసనకు రోడ్డున పోయేవాళ్లు బండ్లు ఆపి చూశారు. మా ఆయన ఆదివారం సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాడు. దేవుడు తమ కన్నీళ్లు చూశాడని, ఈ కాపులో మొదటి గంప కోత పండుగకు దేవునికే తెస్తానని. కాపు చేతికొచ్చేదాకా ట్యాంకర్లతో నీళ్లు తోలితే చాలు, బ్యాంకు అప్పు, సొసైటీ అప్పు అన్నీ ఒక్క దెబ్బకు తీరిపోతాయని లెక్క వేశాడు. ఆ లెక్క నేనూ సరిచూశాను. తప్పేమీ కనబడలేదు. మళ్లీ కడప పోయాం. కార్డులో మిగిలిన కాస్తా గీకించాం. మళ్లీ సోడాలు, మళ్లీ పట్టుచీరలు.

ట్యాంకరు నీళ్లు ఎండిన నేల మీద ఎంతసేపు నిలుస్తాయి! వేసవిలో వాకిట్లో చల్లిన నీళ్లంతసేపు. పిందె నిమ్మకాయంత అయ్యేసరికి కార్డులో ఏమీ మిగల్లేదు. కనీసం కట్టడం కూడా ఆగిపోయింది. అప్పుడు బడికి ఫోన్లు మొదలయ్యాయి.

హెడ్మాస్టరు గదిలో ఒక్కటే ఫోను. హైదరాబాదు నుంచి బ్యాంకువాళ్లు చేసేవాళ్లు. ముందు మర్యాదగా, తర్వాత మర్యాద లేకుండా. ఒకరోజు గది నిండా టీచర్లుండగా ఫోనులో గొంతు బయటికి వినిపించేంత గట్టిగా అడిగాడు వాళ్లలో ఒక అబ్బాయి.

"పట్టుచీరలు కొన్నప్పుడు ఉన్న డబ్బులు ఇప్పుడేమైనయ్ మేడం?"

"చీరలు కాదు నాయనా, అది బోరుకు పెట్టినాం," అన్నాను.

"బోరు ఎక్కడుంది మేడం? ఇక్కడ మొత్తం చీరలే ఉన్నాయి."

అబద్ధం అచ్చులో ఉంది, నిజం నా నోట్లో ఉంది. ఫోను పెట్టేసి తలెత్తితే అందరూ నా ఒంటి మీది వెలిసిపోయిన నూలు చీరను చూస్తున్నారు. ఆ వారంలోనే ఊరంతా పాకింది, టీచరమ్మ బీరువాలో పట్టుచీరలు దాచుకుని పేదరాలి వేషం వేస్తోందని. ఒకామె మా ఇంటికే వచ్చి, ఒక్కటి చూపించమని బతిమాలింది, కూతురి పెళ్లికి అట్లాంటిది తీసుకోవాలట. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆమెను లోపలికి పిలిచి బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి చూపించాను. ఆమె ఇంకెక్కడో దాచాననుకుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఆ రోజుల్లోనే కర్నూల్లో మా అమ్మ మంచాన పడింది. శని, ఆదివారాలు బస్సులో పోయి వచ్చేదాన్ని. అంత చిక్కిపోయినావెందుకని అమ్మ అడిగితే బడిలో పని ఎక్కువైందన్నాను. పోయే ముందు తన కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది. దినాలు కాకముందే వాటిని అమ్మి బ్యాంకుకు కట్టాను. ఆ పెళ్లి చీర తప్ప అమ్మ జ్ఞాపకంగా నా దగ్గర ఇంకో వస్తువు లేదు. ఆ కమ్మలు వడ్డీలోకి పోయాయి, అసలులోకి కూడా కాదు.

పిందె రాలడం మొదలైంది. పొద్దున పోయి చూస్తే చెట్ల కింద గోలీల్లా పరుచుకుని ఉండేవి. కొమ్మకు మిగిలినవి ఎదగక, తొక్క మందమై, పసుపు తిరిగాయి. వ్యాపారి వచ్చి ఒకటి కోసి చూసి, దాన్ని గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. కోత పండుగ వచ్చింది. తేవద్దని నేను చెప్పాను. మా ఆయన వినలేదు, మాట ఇచ్చినానన్నాడు. ఏరి ఏరి ఒక గంప నింపాడు.

మా సంఘంలో కోత పండుగ నాడు ఎవరికి పండింది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటికి వేలం. గుమ్మడికాయలు, నాటుకోళ్లు, వేరుశనగ మూటలు బజారు ధరకు ఎన్నో రెట్లు పలుకుతాయి. తెచ్చినవాళ్లే మొదటి పాట పాడటం మర్యాద, ఆ తర్వాత మిగతావాళ్లు పెంచుతారు. మా గంప వంతు వచ్చింది. సంఘపెద్ద ఒక కాయ చేతిలోకి తీసుకుని, మళ్లీ గంపలో పెట్టాడు. మా ఆయన తల వంచుకున్నాడు. మొదటి పాట నేనే పాడాను. ఎవరూ పెంచలేదు. వెనక నుంచి ఎవరో ఆడమనిషి పట్టుచీరలని ఏదో గొణిగింది, ఇంకెవరో నవ్వారు. పాట పెంచాను. మళ్లీ పెంచాను. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నా విడిపించుకుని ఇంకోసారి పెంచాను.

సంఘపెద్ద దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "అమ్మా, నీ మీద ఎవురూ పాడలేదు. నీ పాట మీద నువ్వే పాడుకుంటాండావు."

అట్లా ఎందుకూ పనికిరాని మా కాయల్ని మేమే, లేని డబ్బు పెట్టి, దేవుడి దగ్గర కొనుక్కున్నాం. అయ్యగారు ఇంటికి వచ్చి, ఉన్నప్పుడు ఇవ్వండమ్మా, లేకపోతే లేదు అన్నారు. అప్పులిచ్చినవాళ్లలో ఆ మాట అన్నవాళ్లు ఆయనొక్కరే.

ఎండాకాలం ముందు బ్యాంకు నుంచి ఒక కబురు వచ్చింది. ఒకేసారి ఇంత కట్టేస్తే మిగతాది వదిలేస్తారట. మా దగ్గర కుదువలో లేనివి చెట్లొక్కటే. ఇటుక బట్టీలకు కట్టె కొనే వ్యాపారిని పిలుద్దామని మా ఆయనే అన్నాడు.

"కొట్టించేద్దాం మే. యాడో ఒకచోట ఆగాల గదా," అన్నాడు.

వద్దు అనే మాట నా నోటిదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? మళ్లీ ట్యాంకరు, మళ్లీ కడప, మళ్లీ ఫోన్లు. అనలేదు. చెట్లు నరికే రోజు నేను బడికి సెలవు పెట్టలేదు. ఆయన ఒక్కడే అక్కడ నిలబడ్డాడు. కట్టె తూకానికి అమ్ముడవుతుంది కాబట్టి తూకం పోకుండా నేల మట్టానికి కోశారట. అంత చేసినా ఎండిన చెట్టు తూకానికి ఏమొస్తుంది! చాలని దానికి నా పీఎఫ్‌లోంచి తీసి కలిపి కట్టాను.

బాకీ లేదని బ్యాంకు కాగితం వచ్చిన రోజు నేను దాన్ని ఆయనకు చదివి వినిపించాను. ఆయన ఊఁ అన్నాడు. ఆ కార్డు అప్పున్నన్నాళ్లూ తెల్లారేసరికి లేచి ఎక్కడెక్కడికో తిరిగిన మనిషి, ఆ తర్వాత పొద్దెక్కినా మంచం దిగేవాడు కాదు. అప్పు తీరితే బతుకు మొదలవుతుందని నేను అనుకుంటూ వచ్చాను. ఆయనకు మొదలుపెట్టడానికి ఏమీ మిగల్లేదని నాకు తట్టలేదు.

ఆ జూలైలో నాలుగు వానలు పడ్డాయి. ఒకరోజు బడి నుంచి వస్తూ బస్సు కిటికీలోంచి చూశాను. మా చేను పచ్చగా ఉంది. బస్సు ఆపించి, దిగి, గట్ల మీద పరిగెత్తాను. కోసేసిన మొదళ్ల పక్కనుంచి మోకాలెత్తు చిగుర్లు లేచాయి, లేత ఆకులు, నిగనిగలాడుతూ. ఎన్నో ఏండ్ల తర్వాత నాకు గుండె నిండినట్టయింది. ఇంటికి పోయి మా ఆయన్ని మంచం మీంచి లేపి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. చెట్లు బతికినాయి, చూడు చూడు అంటూనే ఉన్నాను దారంతా.

ఆయన ఒక మొదలు దగ్గర కూర్చుని ఆకు తుంచి, నలిపి, వాసన చూశాడు.

"ఇది చీనీ కాదు మే. అడుగున జంబేరి ఉంటాది, అడవి నిమ్మ. దాని మీద చీనీ అంటు కడతారు. అంటు పైన ఉన్నిందంతా కట్టెలో పోయింది. ఇది జంబేరి. ముండ్లు, పులుపు. ఎవురూ కొనరు."

పీకేద్దామా అని అడిగాను.

"ఉండనీలే," అన్నాడు. "పచ్చగన్నా ఉండాది."

ఆ తర్వాత రోజూ పొద్దున్నే లేచి ఇంట్లోంచి బిందెలతో నీళ్లు మోసుకుపోయి ఆ ముళ్లచెట్లకు పోసేవాడు. నేను ఆయన్ని ఆపలేదు. మేం తాగడానికి వీధి కొళాయిలో నీళ్లు సరిగా రాని రోజుల్లో కూడా ఆపలేదు.