భరిణె మీద చెట్టు రంగు

ఒక మాట నా గొంతులో ఏళ్ళ తరబడి ఇరుక్కుని ఉంది. బయటికి రాదు, లోపలికి పోదు. నేను ఎవర్నీ చంపలేదు, ఎవరి సొమ్మూ దొంగిలించలేదు, ఎవరి కాపురమూ కూల్చలేదు. ఇలా లెక్క చెప్పుకునే ఇన్నాళ్ళూ నిద్రపోయాను. కానీ చనిపోయిన ఒక మనిషికి, అతన్ని నమ్ముకున్న భార్య దగ్గరే చెడ్డపేరు తెచ్చాను. ఒక్క మాటతో ఆ పేరు పోగొట్టగలనని నాకు తెలుసు. ఆ ఒక్క మాట అనలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను నర్సుని. అనకాపల్లిలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చాలాకాలం పనిచేశాను. నాకు శుభ్రం పిచ్చి. "దీని చేతికి దొరికితే దేవదూతనైనా సబ్బుతో తోమేస్తుంది" అని మా అమ్మ నవ్వేది. డ్యూటీ అయ్యాక ఇంటికెళ్ళే దారిలో వీధిలో నలుగురికి ఇంజెక్షన్లు చేసేదాన్ని కాబట్టి, నా హ్యాండ్‌బ్యాగ్‌లో పౌడరు డబ్బా లేకపోయినా ఒక చిన్న సీసాలో స్పిరిట్, ఒక దూది చుట్ట మాత్రం ఎప్పుడూ ఉండేవి. దేని మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు స్పిరిట్‌తో తుడవాలి. అది అలవాటు కూడా కాదు, ఊపిరి తీసుకోవడం లాంటిది.

వరాలమ్మ మా ఆసుపత్రికి బీపీ చూపించుకోవడానికి వచ్చేది. ఏటికొప్పాక మనిషి. భర్త అప్పలస్వామి లక్క బొమ్మలు చేసేవాడు. నేను అతన్ని చూడలేదు. అతను పోయాక ఆవిడ అనకాపల్లి వచ్చి, ఇక్కడి చిన్న మ్యూజియంలో పనికి కుదిరింది. మ్యూజియం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక పాత వ్యాపారస్తుల మేడ మీద రెండు గదులు. దంతపు దువ్వెనలు, గంధపు పెట్టెలు, ఇత్తడి దీపపు సెమ్మెలు, అద్దకపు చీరలు, ఒక అద్దాల బీరువా నిండా లక్క సామాను. గుమ్మం మీద 'అలంకార కళల ప్రదర్శనశాల' అని బోర్డు. ఊళ్ళో సగం మందికి అది ఉన్నట్టే తెలియదు. వరాలమ్మ అక్కడ ఊడ్చేది, తుడిచేది, వచ్చినవాళ్ళ వెనకాల తిరుగుతూ కాపలా కాసేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. క్రిస్మస్ సెలవులకి మా తమ్ముడి కుటుంబం విశాఖపట్నం నుంచి వచ్చింది. పండగ అయిపోయిన మర్నాడు మా మేనకోడలు స్నేహ ఇంట్లో తోచక ఒకటే గోల. ఏడేళ్ళ పిల్ల. సరే పద, బొమ్మలు చూపిస్తానని మ్యూజియానికి తీసుకెళ్ళాను. దారిలో బెల్లం జీళ్ళు కొనిపెట్టాను. అక్కడే మొదలైంది.

మేమిద్దరమే వచ్చినవాళ్ళం. మేనేజరు గారు భోజనానికి వెళ్ళారు. నన్ను చూసి వరాలమ్మ మొహం చాటంత అయింది. అన్నీ చూపించి, చివరికి లక్క బీరువా దగ్గర ఆగి, కొంగుకు కట్టిన తాళం తీసి తలుపు తెరిచింది. అలా తెరవకూడదు. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. నా మీద ప్రేమ కొద్దీ తెరిచింది.

అందులోంచి ఒక కుంకుమ భరిణె తీసింది. ఎరుపు, పసుపు, మధ్యలో సన్నటి ఆకుపచ్చ గీత. దాని కింద చీటీ ఉంది, చెట్ల రంగులతో చేసినదని, చేసినవాడి పేరుతో సహా. "ఇది మా ఆయన సేసిందే సిస్టరమ్మా. ఊళ్ళో అందరూ కొట్లో రంగులు తెచ్చుకున్నా ఈయన మాత్రం ముట్టీవోడు కాదు. 'ఒసే, నేను సెట్టు రంగే ఏత్తాను గానీ కొట్టు రంగు ఏను' అనీవోడు" అని చెప్పి, ఆ భరిణెని స్నేహ చేతుల్లో పెట్టింది. మూత తిప్పి చూడమంది. ఆ చెప్పడంలో ఆవిడకి ఎంత గర్వమో. బీపీ మనిషి, మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, ఆ రెండు నిమిషాలు కొత్త పెళ్ళికూతురిలా ఉంది.

స్నేహ చేతుల నిండా జీళ్ళ పాకం. భరిణె మీద వేలిముద్రలు జిగటగా అంటుకున్నాయి. వరాలమ్మ నొచ్చుకోలేదు. "పిల్ల సెయ్యి కడుగుదారి, ఉండండి" అని నీళ్ళ కోసం కిందికి వెళ్ళింది.

ఆవిడ వచ్చేలోగా శుభ్రం చేసేద్దామనుకున్నాను. అంతే. ఆ క్షణంలో నా మనసులో వేరే ఏమీ లేదు, ఒట్టు. బ్యాగ్‌లోంచి దూది తీసి, స్పిరిట్‌లో ముంచి తుడిచాను. దూది ఎర్రబడింది. పాత వస్తువు కదా, పట్టిన మురికి వదులుతోందనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. అప్పుడు చూశాను. నిగనిగ పోయింది. ఎరుపు వెళ్ళి పసుపు మీద పూసుకుంది. ఆకుపచ్చ గీత ఒకచోట అసలు లేదు. వేలు పెడితే అంటుకుంటోంది.

ఏం చెయ్యాలి? కేక వెయ్యాలి కదా? "అయ్యో వరాలమ్మా, ఇలా జరిగిపోయింది" అనాలి కదా? మెట్ల మీద ఆవిడ అడుగుల చప్పుడు వినిపించింది. నేను భరిణెని బీరువాలో పెట్టేశాను. చెడిపోయిన వైపు గోడకేసి తిప్పి పెట్టాను. ఆ తిప్పడం పొరపాటున జరగలేదు. "అత్తా, రంగు పోయిందా?" అని స్నేహ అడిగింది. "లేదమ్మా, తడి" అన్నాను. వరాలమ్మ పిల్ల చేతులు కడిగి, తన కొంగుతో తుడిచి, బీరువా వైపు సరిగ్గా చూడకుండానే తాళం వేసేసింది. నేను తేలు కుట్టిన దొంగలా మెట్లు దిగాను. ఎర్రబడ్డ దూది ముద్దని వీధి కాలవలో పడేశాను.

ఎవరూ చూడరులే అనుకున్నాను. ఎవరు చూస్తారు, ఎవరొస్తారు ఆ మ్యూజియానికి?

మళ్ళీ నెలలో వరాలమ్మ బలానికి ఇంజెక్షన్ చేయించుకోవడానికి వచ్చింది. మనిషి వాడిపోయి ఉంది. రవిక చెయ్యి పైకి లాక్కుని స్టూలు మీద కూర్చుంది.

"ఏటయింది వరాలమ్మా, మొహం అలా ఉందేటి?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"ఏటి సెప్పమంటారు సిస్టరమ్మా. మా ఆయన బరిణి రంగు పాడైపోయింది. దుమ్ము దులపడానికి తీత్తే మేనేజరు గారే సూసేరు. 'అసలైన లక్క అయితే ఇలాగవదు వరాలమ్మా, ఇది కొట్టు రంగే, మీ ఆయనా అందరిలాగే సేసేడు' అన్నారు. సీటీ తీసేసేరు. బరిణిని కింద పెట్టిలో పడేసేరు."

"తడి తగిలిందేమో" అన్నాను.

"తడికి లక్కకేటవుద్ది? ఏటీ అవదు." అంది. "ఆయన నాకే అబద్దం సెప్పేడమ్మా. ఆకర్ని కళ్ళు మసకలు కమ్మీసేయి, సేతులు వణికీవి. అప్పుడు కొట్టు రంగే తెచ్చీసుంటాడు. తెచ్చుకుంటే తెచ్చుకున్నాడు, నాతో సెప్పొచ్చు కదా? నేనేటి, కాదంటానా? ఇన్నేళ్ళు కాపురం సేసి నన్ను పరాయిదాన్ని సేసేడు."

ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే నేను చెప్పేసేదాన్నేమో. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంటుంది కాబట్టి అనుకుంటున్నాను. నిజానికి అప్పుడు నా చేతిలో దూది ఉంది. స్పిరిట్‌లో తడిపిన దూది. దాంతోనే ఆవిడ జబ్బ మీద తుడుస్తున్నాను. నోరు తెరిచాను కూడా. "కొంచెం నొప్పి ఉంటుంది" అన్నాను. ఇంజెక్షన్ చేసి పంపించేశాను.

ఎందుకు చెప్పలేదు? దీనికి నా దగ్గర చాలాకాలం ఒక మంచి జవాబు ఉండేది. చెబితే బీరువా ఎందుకు తెరిచావని మేనేజరు గారు ఆవిడని పనిలోంచి తీసేసేవారు, ఆవిడ పొట్ట కొట్టడం ఇష్టం లేక ఊరుకున్నాను, అని. అది అబద్ధం కాదు. నిజంగానే తీసేసేవారేమో. కానీ మేనేజరుకి చెప్పమని ఎవరడిగారు? ఆ ఇంజెక్షన్ల గదిలో మేమిద్దరమే ఉన్నాం. తలుపు దగ్గరకి వేసి, ఆవిడ చెవిలో చెబితే చాలు. ఆవిడ మ్యూజియం పరువు గురించి బాధపడటం లేదు, చీటీ గురించి కూడా కాదు. మొగుడు తనని నమ్మలేదని బాధపడుతోంది. ఆ బాధ తీర్చడానికి ఆవిడకి తప్ప ఎవరికీ తెలియాల్సిన పని లేదు. నేను కాపాడుకున్నది ఆవిడ ఉద్యోగాన్ని కాదు. సిస్టరమ్మా అని ఆవిడ పిలిచే పిలుపుని. ఆ పిలుపులో నేను మంచిదాన్ని. అది పోతుందని భయం.

కొన్నాళ్ళకి మా ఆసుపత్రి తలుపులకి పాలిష్ పెట్టించారు. వడ్రంగి ఒక డబ్బాలో లక్క పెచ్చులు వేసి, స్పిరిట్ పోసి కలుపుతున్నాడు. లక్క మెల్లగా కరిగిపోతోంది. ఎంత మంచి లక్కయినా స్పిరిట్‌లో కరుగుతుంది. అప్పటిదాకా, నిజంగానే అది కొట్టు రంగేమో, నేను ఊరికే బాధపడుతున్నానేమో అని ఒక మూల చిన్న ఆశ ఉండేది. ఒక మనిషి మోసగాడు కావాలని ఆశపడ్డాను, చూశారా. ఆ ఆశ కూడా ఆ డబ్బాలోనే కరిగిపోయింది.

వేసవి సెలవుల్లో ఒకసారి ఒక్కదాన్నీ మ్యూజియానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. చెబుదామనే అనుకుంటాను. బడిపిల్లలు కొందరు వచ్చి ఉన్నారు. బీరువాలో అప్పలస్వామి చేసిన బొంగరాలు ఇంకా ఉన్నాయి. అవెవరు చేశారని ఒక పిల్ల అడిగింది. "ఏటికొప్పాకోళ్ళెవరో సేసేరమ్మా" అంది వరాలమ్మ. నేను ఆవిడ వెనకే నిలబడి ఉన్నాను. ఆవిడ ఇటు తిరగకముందే వచ్చేశాను.

మేం కతోలికులం. ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలంలో, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళాను. మోకాళ్ళూని, "ఫాదర్, ఒకరి వస్తువు పాడుచేసి చెప్పలేదు" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు, పరలోక జపం చెప్పుకోమన్నారు. చెప్పుకున్నాను. బయటికొచ్చాక నా తెలివికి నాకే నవ్వొచ్చింది. భరిణె సంగతి ఒప్పుకున్నాను, మనిషి సంగతి దాచుకున్నాను. దేవుడి దగ్గర కూడా చెడిపోయిన వైపు గోడకేసి తిప్పి పెట్టాను. ఆ తర్వాత ఎన్నిసార్లు మోకరించినా ఆ సంగతి ఎత్తలేదు. అయిపోయింది కదా అని.

కొన్నేళ్ళు గడిచాయి. వరాలమ్మకి కాళ్ళ నొప్పులు ఎక్కువై పని మానేసింది. దేవరాపల్లిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, చివరిసారి బీపీ చూపించుకుని, నాతో చెప్పి వెళ్దామని వచ్చింది. కూతురు బయట మందులు కొంటోంది. నేను ఆవిడ చేతికి బీపీ పట్టీ చుడుతున్నాను.

"మొన్న మా ఆయన తద్దినం నాడు సెప్పేసేను సిస్టరమ్మా" అంది నవ్వుతూ. "'అబద్దం ఆడితే ఆడేవు గానీ ఇంక మనసులో ఎట్టుకోను, నీ దారిన నువ్వు సల్లగా ఉండు' అని దణ్ణం ఎట్టీసేను. గుండి తేలికైపోయిందమ్మా."

నాకూ తేలికైంది. ఇదే మీకు చెప్పడానికి అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఆవిడ బాధ తీరింది, ఇంక నేను చెప్పక్కర్లేదు అనుకున్నాను. "మంచి పని చేశారు వరాలమ్మా" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఏ తప్పూ చెయ్యని మనిషిని ఆవిడ క్షమించింది. క్షమించాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని బీపీ చూస్తోంది. అంత పెద్ద మనసుతో ఇచ్చిన క్షమాపణ నా కళ్ళముందే ఇంకొకరికి వెళ్ళిపోయింది, నేను అడిగి ఉంటే నాకే దొరికేదేమో, దొరికేది కాదేమో, ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

వరాలమ్మ పోయిందని తర్వాత తెలిసింది. కూతురు దేవరాపల్లిలోనే ఉంది. వెళ్ళి చెప్పొచ్చు. బస్సు ఎక్కుతానో లేదో నాకే తెలియదు. నా సంగతి నాకు తెలుసు కదా, అందుకని మాట ఇవ్వను. వెళ్ళినా, తల్లి పోయాక కూతురి క్షమాపణ తెచ్చుకుని ఏం చేసుకుంటాను?

అప్పలస్వామి మంచివాడో చెడ్డవాడో, తాగేవాడో కొట్టేవాడో నాకు తెలియదు. అతను అబద్ధమాడాడు అనడానికి ఈ లోకంలో ఒక్కటే సాక్ష్యం ఉంది. అది నా చేతులతో నేను తయారుచేసింది. వరాలమ్మా, మీ ఆయన మీతో అబద్ధం ఆడలేదు. ఆడింది నేను.