కుందేలు మోకాలు, మా కోడలి పీట

ఈ రోజు మధ్యాహ్నం మా మనవరాలి భర్త బందరులో మా ఇంటికి వచ్చాడు. అతను పశువైద్య కళాశాలలో పనిచేస్తాడు. కుందేలు మోకాలికి దెబ్బ తగిలితే లోపలి ఎముక నెలనెలా ఎలా మారుతుందో అక్కడ చూస్తున్నారట. ఒక కుందేలు మోకాలి ఎక్స్‌రే ఫొటోలు అయిదు వరుసగా పరిచాడు. మొదటిది నున్నగా ఉంది. తర్వాత అంచుల వెంట ఎముక పెరుగుతూ వచ్చింది. అయిదోది అచ్చం అల్లం కొమ్ము. నా మోకాలి ఎక్స్‌రే తెచ్చి దాని పక్కన పెట్టాను. పెద్ద తేడా కనిపించలేదు.

"మీరు చూసినవాటిలో మళ్ళీ మొదటి ఫొటోలా అయిన కుందేలు ఏది, బాబూ?"

"ఒక్కటీ లేదండీ అమ్మమ్మగారూ. మీరు మాత్రం గొంతుకూర్చోవడం మానెయ్యండి."

వంటింట్లో రోలు చప్పుడు వినిపిస్తోంది. పీట వేసుకుంటే కీళ్ళు బిగుసుకుపోతాయని, ఇరవై రెండేళ్ళుగా మా కోడలిని గొంతుకూర్చోబెట్టే పిండి రుబ్బిస్తున్నాను. వెంటనే వెళ్ళి, "ఇకమీదట పీట వేసుకో అమ్మాయ్" అన్నాను.

కోడలు మోకాలిమీద చెయ్యి ఆనించి లేచింది.

"మీరు గుడికెళ్ళినప్పుడు వేసుకుని చూశానండీ అత్తయ్యగారూ. ఇప్పుడు పీటేసుకున్నా కలుక్కుమంటూనే ఉంది" అంది నవ్వుతూ.

నా మాట దాటినందుకు కోప్పడాలో, ముందే దాటనందుకు కోప్పడాలో తెలియలేదు. మీరైతే ఏమనేవారు?