కడియాలు తీసిన కాళ్ళు

గూడూరు దగ్గరి తండాలో నీలి వస్తోందంటే కంటికన్నా ముందు చెవికి తెలిసేది. పెళ్ళినాడు తొడిగిన కాళ్ళ కడియాలు అంత బరువు, అంత చప్పుడు. వాటితోనే పత్తి ఏరింది, నెత్తిన కట్టెలమోపుతో అడవి దిగింది, పిల్లల్ని కని పెంచింది. బరువు కాదా అని ఎవరైనా అడిగితే, "నా కాళ్ళు నాకు బరువైతయా?" అనేది. ఏం అడిగినా ఎదురు ప్రశ్న వేయడం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడాది, తొలి వానలకు చేనిగట్టు మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. దవాఖానలో సబ్బునీళ్ళు పోసి కడియాలు లాగేశారు, లోపల రాడ్డు వేశారు. "పట్టుకుని రోజూ నడిపించండి" అని చెప్పి పంపారు. కొడుకు ప్రేమ్‌చంద్ సర్కారు బడిలో సైన్సు పంతులు, అయితే తల్లి విషయంలో ఉత్త పిరికివాడు. మళ్ళీ పడుతుందేమోనని మంచం దిగనిస్తే ఒట్టు. చెంబూ మంచం దగ్గరికే, గిన్నే మంచం దగ్గరికే. ప్రేమ ఎక్కువై చేసిన తప్పు, తిట్టబుద్ధి కూడా కాదు.

సమ్మె మొదలై బళ్ళు మూతపడ్డాయి. తండా దారి పెద్దరోడ్డులో కలిసేచోట దీక్ష డేరా వేశారు. మూడు వారాల తర్వాత ఆడవాళ్ళ వంతు అని తెలిసి నీలి లేచి కూర్చుంది. "నేను గూడ కూసుంట. ఎత్తుకపోతే రాను, నడిచే పోత" అని మంచం దిగింది. తల గిర్రున తిరిగింది. ఎప్పటి కడియాల బరువును తలచుకునో ఏమో, కాలు ఎత్తితే గాల్లోకి లేచి ఎక్కడో పడింది. ప్రేమ్‌చంద్ పట్టుకోకపోతే అయిపోయేదే.

"ఇవి నా కాళ్ళు కావు బేటా. నావి దవాఖానల్నే ఉన్నయ్" అంది. అంత ధైర్యస్థురాలూ కొడుకు చెయ్యి వదల్లేదు. ఇంట్లో వాళ్ళది లంబాడీ భాష, యాడీ అంటే అమ్మ; మిగతాది మనకోసం తెలుగులో చెప్పుకుందాం.

పిల్లలకు చెప్పాల్సిన పాఠం ఆ రోజు ఆమె వంతుకొచ్చింది. "ఆకాశంలకు పోయొచ్చినోళ్ళకు గూడ గిట్లనే అయితది యాడీ. ఆడ బరువు తెల్వది, నెలలకొద్ది తేలుకుంట ఉంటరు. కాళ్ళు సన్నబడతయ్, ఎముకలు పలచనైతయ్. ఏది కింద, ఏది మీద అన్నది మెదడు మర్చిపోతది. దిగినంక కుర్చీల కూసోబెట్టి మోసుకపోతరు."

నీలికి భయం పోయి ఆరా పట్టుకుంది. "మరి తిన్నది కడుపులకు ఎట్ల దిగుతది?"

"మింగితే పేగులే గుంజుకుంటయ్."

"ఏడిస్తే? కన్నీళ్ళు ఎటు కారుతయ్?"

"కారయ్ యాడీ. కంటికే ముద్దలెక్క అంటుకొని ఉంటయ్."

ఆమె చాలాసేపు తన చెంప తడుముకుంది. పాపం, ఏడ్చినా బరువు దిగదన్నమాట! "మెదడు మళ్ళ నేర్చుకుంటదా?"

"మెల్లగ నేర్చుకుంటది. ఎముకలకే ఏండ్లు పడ్తది. కొందరివి మునుపటిలెక్క కావు."

"మరి ఆడ ఉన్నన్ని దినాలు పండుకునే ఉంటరా?"

"లేదు, పట్టీలతోని ఒళ్ళును కిందికి గుంజి కట్టుకుని రోజూ ఉరుకుతరు..." అంటూనే ప్రేమ్‌చంద్ ఆగిపోయాడు. బరువే తెలియని చోట వాళ్ళు తమను తాము కట్టుకుని పరుగెత్తుతుంటే, నేలమీదున్న తల్లిని తను మంచానికి కట్టేశాడు. సిగ్గుతో తల వంచుకున్నాడు. ఆమె చెయ్యి చాపింది.

ఆ పూట నుంచి మంచంకోడు పట్టుకుని, తర్వాత గోడ పట్టుకుని, తర్వాత కర్రతో. కడియాలు ఇవ్వమని పోరింది. కాళ్ళకు ముందు బలం రావాలని డాక్టరు ఒప్పుకోలేదు. అడుగు ఎత్తిన ప్రతిసారీ "తేలకు, దిగు" అని కాళ్ళనే గదమాయించుకునేది.

వంతు వచ్చిన రోజు పొద్దున్నే బయలుదేరింది. ప్రేమ్‌చంద్ వెనకాల, చెయ్యి వేయకుండా. చప్పుడు లేదు కనక డేరాలో ఎవరూ తలెత్తలేదు. నీలి ఎదురుగా వచ్చి నిలబడ్డాక అందరూ ఒక్కసారే అరిచారు. "కడియాలేవి అవ్వా?"

"ఆకాశంలకు పోయి ఇప్పుడే దిగిన. అవి ఇంకా రాలే" అంటూ నేలమీద చతికిలబడింది.

ఆమె తిరిగి చూస్తే కొడుకు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఎటు కారుతున్నయ్ బేటా?"

"కిందికే యాడీ."

"గట్లైతే మంచిగనే దిగినం" అంది నీలి.